ఈడూ జోడూ: పాత స్పీకర్లు, వాటి ఆంప్లిఫయర్లు

ఆర్.సి.ఎ. కంపెనీ 1926లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన రేడియోలా 104 స్పీకర్‌కు విడిగా ఆంప్లిఫయర్ కొనే పని ఉండేది కాదు. అది పెట్టెలోనే ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అంతకు ముందటి ఏడాది ఒక పరిశోధన పత్రంలో వివరించిన నిర్మాణం దానిది: కాగితపు కోను, దాని మొదట్లో చిన్న తీగచుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం. ఇవాళ్టి స్పీకర్లు చాలా మటుకు ఆ వంశంవే. అప్పటి రేడియో సెట్ల బలం హెడ్‌ఫోన్లకూ సన్నని బాకాలకూ సరిపోయేది తప్ప ఈ కోనును కదిలించడానికి చాలేది కాదు. అందుకని ఒక వాటు ఇచ్చే వాల్వు ఆంప్లిఫయర్‌ను కూడా చేర్చి, రెంటినీ ఒకే బీరువాలో బిగించి అమ్మారు.

ఆ తర్వాతి అరవై ఏళ్లలో ఆ రెండూ వేరింటి కాపురాలు పెట్టాయి. వేర్వేరు కంపెనీలు చేశాయి, వేర్వేరు దుకాణాలు అమ్మాయి. అయినా స్పీకర్ చేసేవాడి బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక ఆంప్లిఫయర్ ఉండేది. దాని బలాన్నే కాదు, లోపాన్ని కూడా లెక్కలో వేసుకునే ఆ స్పీకర్ తయారయ్యేది. పాత స్పీకర్‌కు ఆంప్లిఫయర్ వెతికేవాళ్లు మొదట చూడవలసింది వాట్లు కాదు, పుట్టిన ఏడాది. మిగిలిన అంకెలన్నీ చాలా వరకు ఆ ఏడాదిలోనే ఉంటాయి.

1930లలో ఈ బంధం ఎంత దగ్గరిదంటే స్పీకర్ ఊడదీస్తే రేడియో పనిచేసేది కాదు. అప్పటికి శాశ్వత అయస్కాంతాలు బలహీనం. అందుకని స్పీకర్లలో విద్యుదయస్కాంతం పెట్టేవారు. దాన్ని ఫీల్డ్ కాయిల్ అన్నారు. దానికి డి.సి. కరెంటు రేడియోలోని పవర్ సప్లై నుంచే వెళ్లేది. ఎలాగూ వందల గజాల తీగ చుట్టారు కదా అని ఆ చుట్టనే గుయ్యిమనే హమ్‌ను వడగట్టే చోక్‌గా కూడా వాడుకున్నారు. ఖర్చు కలిసొచ్చింది. ఆ కాలపు స్పీకర్ ఇవాళ ఒంటరిగా దొరికితే, ఆంప్లిఫయర్ సంగతి తర్వాత, ముందు ఆ ఫీల్డ్ కాయిల్‌కు విడిగా డి.సి. సప్లై సమకూర్చాలి. అది లేకుండా ఎంత గొప్ప ఆంప్లిఫయర్ తగిలించినా కీచుమన్న శబ్దం కూడా సరిగా రాదు.

సినిమా హాళ్లలోనూ ఆ రెండూ కలిసే ప్రవేశించాయి. 1926 ఆగస్టులో వార్నర్ బ్రదర్స్ న్యూయార్క్‌లో వైటాఫోన్ పద్ధతిలో ‘డాన్ హువాన్’ ప్రదర్శించినప్పటి నుంచి వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ హాళ్లకు ఆంప్లిఫయర్లు, బాకా స్పీకర్లు ఒకే సామగ్రిగా ఇచ్చింది. ఆనాడు వాటు అంటే బంగారం. ఆ సంస్థే 1938లో తెచ్చిన 300బి వాల్వు ఒక్కటే వాడితే వచ్చేది సుమారు 8 వాట్లు. అంతటితో పెద్ద హాలు నింపాలంటే దారి ఒక్కటే: ఇచ్చిన శక్తిలో వీలైనంత భాగాన్ని శబ్దంగా మార్చే స్పీకర్. మామూలు కోను గాలిని నెట్టేటప్పుడు శక్తిలో నూటికి ఒక పాలు కూడా శబ్దం కాదు. మిగిలిందంతా తీగచుట్టలో వేడిగా పోతుంది. కోను ముందు క్రమంగా విచ్చుకునే బాకా పెడితే గాలి పట్టు చిక్కుతుంది, అదే శక్తికి పదిరెట్లు, అంతకు మించి కూడా శబ్దం వస్తుంది. గుడిలో నాదస్వరం మైకు లేకుండా వీధి చివరికి వినబడడంలో దాని చివర విచ్చుకునే అనసుకూ ఇలాంటి పాత్రే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ పేరుతో హాళ్లకు బాకా స్పీకర్ల శ్రేణి తెచ్చింది. మరుసటి ఏడాది పాల్ క్లిప్ష్ అర్కాన్సాస్‌లోని హోప్ అనే చిన్న ఊళ్లో కంపెనీ పెట్టి, అదే సూత్రాన్ని ఇంటి హాలుకు తెచ్చాడు. బాకాను మడతలు పెట్టి, గది మూలనున్న రెండు గోడలనే దాని చివరి భాగంగా వాడుకున్న క్లిప్ష్‌హార్న్ అది. స్పీకర్ సెన్సిటివిటీని ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో వినబడే డెసిబెళ్లలో కొలుస్తారు. క్లిప్ష్‌హార్న్‌కు అది దాదాపు 104. అంటే ఒక్క వాటుకే చెవులు గింగురుమంటాయి.

ఈ తరం స్పీకర్లకు ఆంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు జనం చేసే పొరపాటు పెద్ద వాట్లకు పోవడం. ఇంట్లో వినే పాటకు వీటికి కావలసింది సగటున ఒక వాటులో చిన్న భాగం. 10 వాట్లుంటే పండగే. మొదటి వాటు ఎంత శుభ్రంగా ఉందన్నదే ముఖ్యం. రెండో సంగతి, ఇలాంటి స్పీకర్ పాటతో పాటు ఆంప్లిఫయర్‌లోని హమ్‌ను, సన్నని బుసను కూడా అంతే ఉత్సాహంగా పెంచి వినిపిస్తుంది. 86 డెసిబెళ్ల స్పీకర్‌తో నిశ్శబ్దంగా అనిపించిన 200 వాట్ల ఆంప్లిఫయర్ బాకా ముందు నోరు విప్పుతుంది. దాని వాల్యూమ్ గుండీ కూడా అడుగునే తచ్చాడుతుంది. ఇసుమంత తిప్పితే గది అదిరిపోతుంది, మళ్లీ వెనక్కి తిప్పాలి.

ఈ లోగా ఆంప్లిఫయర్లలో పెద్ద మార్పు వచ్చింది. దాని బీజం 1927 ఆగస్టు 2న పడింది. బెల్ లేబొరేటరీస్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఆఫీసుకు వెళ్తూ, చేతిలోని దినపత్రికలో ఖాళీగా ఉన్న పేజీ మీద నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ పద్ధతిని రాసుకున్నాడు. బయటికొచ్చిన శబ్దంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి లోపలికి పంపితే, ఆంప్లిఫయర్ తన తప్పును తానే దిద్దుకుంటుంది. టెలిఫోన్ లైన్ల కోసం పుట్టిన ఈ ఆలోచన ఇళ్లకు చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. లండన్‌లో హెరాల్డ్ లీక్ 1945లో ‘పాయింట్ వన్’ తెచ్చాడు. వక్రీకరణ నూటికి 0.1 పాళ్లు మాత్రమేనన్నది ఆ పేరులోని గొప్ప. 1947 ఏప్రిల్, మే నెలల్లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ రాసిన ఆంప్లిఫయర్ వ్యాసాలు ఇంట్లో సోల్డరింగ్ కడ్డీ ఉన్న ప్రతివాడినీ కదిలించాయి. కె.టి.66 వాల్వులు రెండు, మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 15 వాట్లు. చాలా దేశాల్లో ఆ నమూనాను చూసి కట్టుకున్నారు.

ఫీడ్‌బ్యాక్ వల్ల వక్రీకరణ తగ్గడం అందరికీ తెలిసిన లాభం. స్పీకర్‌కు సంబంధించినంత వరకు అసలు మార్పు మరొకటి: ఆంప్లిఫయర్ అంతర్నిరోధం బాగా తగ్గడం. కోను ఒక ఉయ్యాల లాంటిది. తోసి వదిలేస్తే కాసేపు తనంతట తాను ఊగుతుంది. అలా ఊగేటప్పుడు తీగచుట్టలో ఎదురు వోల్టేజి పుడుతుంది. ఆంప్లిఫయర్ అంతర్నిరోధం తక్కువైతే ఆ వోల్టేజి వెంటనే షార్టయి కోను ఆగుతుంది, ఎవరో చేత్తో ఉయ్యాలను పట్టుకున్నట్టు. అంతర్నిరోధం ఎక్కువైతే ఊగుతూనే ఉంటుంది, బేస్ మెత్తగా సాగుతుంది. దీన్నే డాంపింగ్ అంటారు. పైగా స్పీకర్ ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది చూపే ఎదురు, ఒకే అంకె కాదు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ తన సహజ కంపనం దగ్గర 40 ఓమ్‌ల దాకా వెళ్లవచ్చు. ఫీడ్‌బ్యాక్ లేని ట్రయోడ్ (300బి లాంటి వాల్వు) ఆంప్లిఫయర్‌కు 3 ఓమ్‌ల అంతర్నిరోధం ఉందనుకుంటే, ఆ ఒక్క చోట శబ్దం 2 డెసిబెళ్లు పెరుగుతుంది. అంతర్నిరోధం 0.1 ఓమ్ ఉన్న ఆంప్లిఫయర్‌తో ఆ పెరుగుదల ఉండదు.

దీన్ని పాత స్పీకర్లకు అన్వయించుకుంటే చాలా తగాదాలు తీరుతాయి. 1930లు, 40ల నాటి స్పీకర్లలో తేలికైన కోనును బలమైన అయస్కాంతంతో కట్టడి చేసినవి ఎక్కువ. ఆంప్లిఫయర్ ఇచ్చే ఆ కాస్త బేస్ ఉబ్బు వాటికి లెక్కలో భాగమే. వాటిని తీసుకెళ్లి ఆధునిక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కు కలిపితే పలచగా, ఎముకలు తేలినట్టు వినిపిస్తాయి. వినేవాడు స్పీకర్‌ను తిడతాడు. విలియమ్సన్ తర్వాత పుట్టిన స్పీకర్లు చాలా వరకు అంతర్నిరోధం సున్నాకు దగ్గరగా ఉంటుందని నమ్మి చేసినవి. వాటికి పాత ట్రయోడ్‌ను కలిపితే బేస్ బురదలో కూరుకుపోతుంది. అప్పుడు తిట్లు ఆంప్లిఫయర్‌కు పడతాయి. తప్పు రెంటిలో దేనిదీ కాదు, ఈడు కుదరలేదు.

బ్రిటన్‌లో 1950లు 15 వాట్లు, 15 ఓమ్‌ల యుగం. టానాయ్ 1947లో తెచ్చిన డ్యుయల్ కాన్‌సెంట్రిక్, అంటే కోను నడిబొడ్డులోనే పై స్వరాల ట్వీటర్ బాకా ఇమిడిన స్పీకర్, 15 ఓమ్‌లదే. యార్క్‌షైర్‌లో గిల్బర్ట్ బ్రిగ్స్ స్థాపించిన వార్ఫ్‌డేల్ స్పీకర్లూ ఎక్కువగా అంతే. హంటింగ్‌డన్‌లో పీటర్ వాకర్ నడిపిన అకౌస్టికల్ కంపెనీ 1953లో క్వాడ్ II తెచ్చింది. దానిదీ 15 వాట్లే. 1954లో బ్రిగ్స్, వాకర్ కలిసి లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్‌ను అద్దెకు తీసుకుని, వేదిక మీద కళాకారులు వాయించినదాన్నీ రికార్డులో ఉన్నదాన్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించారు. హాలు నిండింది. మూడు వేల మంది దాకా పట్టే చోట ఇంటి ఆంప్లిఫయర్లే ఆ పని చేశాయంటే ఆనాటి స్పీకర్లు ఎంత పొదుపుగా శక్తి వాడుకునేవో తెలుస్తుంది. ఈ తరం స్పీకర్ల మీద 15 వాట్లు అని రాసి ఉంటే అది మొహమాటానికి రాసింది కాదు, అప్పట్లో ఇంటికి అంతకు మించి అవసరం ఉండేది కాదు.

జోడీ అన్న మాటకు నిలువెత్తు ఉదాహరణ వాకర్ 1957లో అమ్మకం మొదలుపెట్టిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్. ఇందులో కోను లేదు, తీగచుట్ట లేదు, అయస్కాంతం లేదు. రెండు పలకల మధ్య సన్నని ప్లాస్టిక్ పొర వేల వోల్టుల చార్జితో వేలాడుతుంది, పలకల మీది సిగ్నల్ దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతుంది. విద్యుత్ పరంగా చూస్తే ఇది కెపాసిటర్. బేస్ దగ్గర దీని ఇంపిడెన్స్ 30 ఓమ్‌లు దాటుతుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ అది జారిపోయి, 15 కిలోహెర్ట్జ్ పైన 2 ఓమ్‌ల దాపుకు దిగుతుంది. 1960ల తొలి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో చాలా వాటికి ఈ వింత బరువు మింగుడుపడలేదు. కొన్ని వణికాయి, కొన్ని కాలిపోయాయి. క్వాడ్ IIకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరి తండ్రీ ఒకడే మరి.

ఈ స్పీకర్‌కు మరో నియమం ఉంది: 33 వోల్టుల పీక్ దాటకూడదు. దాటితే లోపల నిప్పురవ్వలు లేచి పొర చిల్లులు పడుతుంది. ఇక్కడ వాట్లను వోల్టుల్లోకి మార్చి చూసుకోవాలి. 1967లో వచ్చిన క్వాడ్ 303 ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ 8 ఓమ్‌లకు 45 వాట్లిస్తుంది. అంటే పీక్ సుమారు 27 వోల్టులు, భయం లేదు. అదే కంపెనీ 1975లో తెచ్చిన 405 ఇచ్చే 100 వాట్లు 40 వోల్టుల పీక్‌కు చేరతాయి. వోల్టేజికి కళ్లెం వేయకుండా దాన్ని కలిపితే స్పీకర్ దక్కదు. ఒకే ఇంటి పేరున్నంత మాత్రాన ఒకదానికొకటి సరిపోతాయని నమ్మి పొర కాల్చుకున్నవాళ్లు లేకపోలేదు.

అమెరికాలో కథ సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచింది. 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి ఏ.ఆర్.-1 స్పీకర్ తెచ్చారు. గాలి చొరబడని చిన్న పెట్టె, అందులో వదులుగా వేలాడే బరువైన కోను. పెట్టెలోని గాలే దానికి స్ప్రింగు. ఫ్రిజ్ అంత పెట్టెకు తప్ప రాదనుకున్న లోతైన బేస్ పుస్తకాల అర మీద పట్టే పెట్టెలోంచి వచ్చింది. అయితే ప్రకృతి అప్పు ఊరికే ఇవ్వదు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. క్లాస్ ఆ తర్వాత 1957లో మరో ఇద్దరితో కలిసి పెట్టిన కె.ఎల్.హెచ్. కంపెనీలో భాగస్వామి అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద ఈ లెక్కను ‘హాఫ్‌మన్ ఇనుప సూత్రం’ అంటారు. ఏ.ఆర్. వదులుకున్నది సెన్సిటివిటీని.

ఎంత వదులుకుందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. శబ్దం 3 డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 1967 నాటి ఏ.ఆర్.-3ఎ స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెళ్ల ప్రాంతం. క్లిప్ష్‌హార్న్‌కూ దీనికీ తేడా 18, అంటే ఆరు రెట్టింపులు. అక్కడ 1 వాటుతో వచ్చే శబ్దానికి ఇక్కడ 64 వాట్లు కావాలి. పైగా ఇది 4 ఓమ్‌ల స్పీకర్, కరెంటు కూడా దండిగా పీల్చుకుంటుంది. అయినా జనం దీని వెంటే నడిచారు. 1958లో స్టీరియో రికార్డులు వచ్చాయి. ఒక క్లిప్ష్‌హార్న్‌కు మూల వెతకడమే కష్టమైన ఇంట్లో రెండో మూల ఎక్కడ తేవాలి? రెండు ఏ.ఆర్.లు అర మీద సర్దుకుంటాయి. 1966 నాటికి అమెరికా స్పీకర్ల అమ్మకాల్లో దాదాపు మూడో వంతు ఈ ఒక్క కంపెనీవే.

వాట్లు చవక కాకపోతే ఈ విజయం సాధ్యమయ్యేది కాదు. ఆ పని డేవిడ్ హాఫ్లర్ చేశాడు. ఫిలడెల్ఫియాలో ఆయన పెట్టిన డైనాకో కంపెనీ 1959లో స్టీరియో 70 తెచ్చింది. ఇ.ఎల్.34 వాల్వులు నాలుగు, చానల్‌కు 35 వాట్లు, విడిభాగాల కిట్టుగా కొంటే 100 డాలర్లకు 5 సెంట్లు తక్కువ. ఇంట్లో సాయంత్రాలు కూర్చుని కట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఏ.ఆర్. తన బహిరంగ ప్రదర్శనల్లో డైనాకో ఆంప్లిఫయర్లనే వాడింది. ఆనాటి జోడీ అదే. ఏ.ఆర్.-3 లేదా 3ఎ దొరికినవాళ్లు 35 వాట్ల స్టీరియో 70తో చిన్న గదిలో హాయిగా వినవచ్చు. పెద్ద గదికి 4 ఓమ్‌లను జంకకుండా మోసే 60 నుంచి 100 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ మేలు. 8 వాట్ల 300బితో మాత్రం దీనికి పొత్తు లేదు. ఆ ప్రయత్నం ఎడ్లబండికి రైలు పెట్టె కట్టినట్టుంటుంది.

బ్రిటన్‌లో అదే కాలానికి లీక్ స్టీరియో 20 లాంటివి చానల్‌కు పది వాట్లతోనే సరిపెట్టుకున్నాయి. దానిలోని ఇ.ఎల్.84 వాల్వు భారతదేశానికి కొత్త కాదు. ఆకాశవాణి వినిపించిన ఎన్నో వాల్వు రేడియోల్లో చివరి మెట్టు అదే. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దాన్ని తయారుచేసింది. పాత వాల్వు ఆంప్లిఫయర్లను బాగుచేసుకునేవాళ్లు ఆ నిల్వ సరుకు కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు.

1960ల నడుమ ట్రాన్సిస్టర్ వచ్చి ఓమ్‌ల లెక్కను తిరగరాసింది. వాల్వు ఆంప్లిఫయర్‌కు వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దానికి 4, 8, 16 ఓమ్‌ల మొనలు ఉంటాయి. స్పీకర్‌కు తగ్గ మొనకు తగిలిస్తే ఎక్కడైనా పూర్తి శక్తి వస్తుంది. ట్రాన్సిస్టర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అది ఇవ్వగల వోల్టేజికి ఒక హద్దు ఉంటుంది. స్పీకర్ ఓమ్‌లు సగమైతే శక్తి దాదాపు రెట్టింపు, ఓమ్‌లు రెట్టింపైతే శక్తి సగం. కంపెనీలకు ఈ లెక్క ఇట్టే అర్థమైంది. టానాయ్ 1967లో మానిటర్ గోల్డ్ తెచ్చినప్పుడు అంతకు ముందటి సిల్వర్, రెడ్‌లలో ఉన్న 15 ఓమ్‌లను వదిలి 8 ఓమ్‌లకు దిగింది. పాత టానాయ్ కొనేవాళ్లకు రంగు పేరే ఆంప్లిఫయర్ సూచన: రెడ్ అయితే 16 ఓమ్‌ల మొన ఉన్న వాల్వు ఆంప్లిఫయర్ సొంత గూటి పక్షి, గోల్డ్ అయితే రెండు రకాలూ చెల్లుతాయి. రెడ్‌కు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కలపడం తప్పేమీ కాదు. పెట్టె మీద 50 వాట్లని ఉంటే తమకు 25 పైచిలుకు వస్తుందని తెలుసుకుని కలపాలి, అంతే.

కాలిపోయే తీరులోనూ ఈ రెండు జాతులూ వేరు. వాల్వు ఆంప్లిఫయర్‌కు స్పీకర్ తగిలించకుండా పాట పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ముప్పు. ట్రాన్సిస్టర్‌కు ఖాళీ మొనలతో పేచీ లేదు, రెండు తీగలు తగిలి షార్టయితేనే ప్రమాదం. స్పీకర్ వైపు నుంచి చూస్తే వాల్వులో ఏది పోయినా ట్రాన్స్‌ఫార్మర్ డి.సి.ని అడ్డుకుంటుంది. క్వాడ్ 303లో ఆ కాపలా పెద్ద కెపాసిటర్‌ది. నేరుగా కలిపిన తర్వాతి తరం ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో ఒక ట్రాన్సిస్టర్ షార్టయితే పూర్తి డి.సి. తీగచుట్ట మీద పడి నిమిషంలో మాడ్చేస్తుంది. మళ్లీ దొరకని స్పీకర్‌కు అలాంటిదాన్ని కలిపేవాళ్లు అందులో రక్షణ రిలే ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో చూసుకోవడం మంచిది.

1970లు వాట్ల పోటీ దశకం. మొదట్లో ప్రకటనల్లో నోటికొచ్చిన అంకె వేసేవారు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది: రెండు చానళ్లూ కలిసి మోగుతూ నిలకడగా ఇచ్చే శక్తినే చెప్పాలి, అది కూడా మూడో వంతు శక్తితో గంటసేపు నడిపి వేడెక్కించాక కొలవాలి. అంకెలు నిజమయ్యాయి, పోటీ మాత్రం ఆగలేదు. 1978లో పయొనీర్ ఎస్.ఎక్స్.-1980 రిసీవర్ చానల్‌కు 270 వాట్లు ప్రకటించింది. ఆ దశకపు స్పీకర్లన్నీ అంత మోతాదు అడిగేవి కావు. నారింజ రంగు నురుగు ముసుగుతో 1970లో వచ్చిన జె.బి.ఎల్. ఎల్100 పాప్ సంగీతపు స్టూడియో మానిటర్‌కు ఇంటి రూపం, సెన్సిటివిటీ 90 పైనే. ఆ కాలపు 40, 60 వాట్ల రిసీవర్లతో అది సుఖంగా ఉంటుంది.

బి.బి.సి. ప్రసార వ్యాన్ల కోసం 1970లలో రూపొందిన ఎల్.ఎస్.3/5ఎ ఈ పోటీకి పెడసరంగా నిలిచింది. చెప్పుల పెట్టెకు కాస్త పెద్ద. 15 ఓమ్‌లు, 83 డెసిబెళ్లు, అంటే సెన్సిటివిటీలో అట్టడుగు. అయినా గట్టిగా నెట్టనివ్వదు, చిన్న కోను తట్టుకోలేదు. దీనికి సరిపడేది 25 వాట్ల ప్రాంతం. 8 ఓమ్‌లకు 50 వాట్లిచ్చే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ 15 ఓమ్‌ల దగ్గర సుమారు 27కు దిగుతుంది కనుక లెక్క అతికినట్టు సరిపోతుంది. 16 ఓమ్‌ల మొన ఉన్న పాత వాల్వు ఆంప్లిఫయర్‌తో దీని గొంతు మరింత తీయగా ఉంటుందని అభిమానుల మాట. గొంతులు, వయొలిన్ వినేవాళ్లు దాన్ని కొట్టిపారేయలేరు.

1980లలో కొందరు తయారీదారులు ఆంప్లిఫయర్ మోస్తుందిలే అని ఓమ్‌లను పట్టించుకోవడమే మానేశారు. 1985 నాటి ఎపోజీ సింటిల్లా రిబ్బన్ స్పీకర్ ఇంపిడెన్స్ 1 ఓమ్. మామూలు ఆంప్లిఫయర్‌కు అది షార్ట్ సర్క్యూట్ కిందే లెక్క. 1980లో మొదలైన క్రెల్ లాంటి కంపెనీల బండ ఆంప్లిఫయర్లు, ఓమ్‌లు సగమైన ప్రతిసారీ నిజంగానే వాట్లు రెట్టింపు చేసేవి, దానికి గతి అయ్యాయి. ఈ తరం స్పీకర్ పాతదయింది కదా అని పాత ఆంప్లిఫయర్ వెతికితే రెండూ పోతాయి. అదే సమయంలో జపాన్, ఫ్రాన్స్ రసికులు పూర్తిగా వెనక్కి నడిచి, అమెరికా హాళ్లు పారేసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ సామాన్లు, ఆల్టెక్ బాకాలు ఏరుకుని 300బిని మళ్లీ నెత్తికెత్తుకున్నారు. వాళ్లు 8 వాట్లతో తృప్తిపడింది బాకాల ముందు కూర్చుని. ఆ బాకాల సంగతి వదిలేసి 8 వాట్ల సంగతి మాత్రమే ప్రపంచమంతా పాకింది.

ఇన్ని లెక్కలూ స్పీకర్ పుట్టినప్పటి ఆరోగ్యంతో ఉన్నప్పుడే చెల్లుతాయి. కోను అంచున నురుగు వాడిన స్పీకర్లలో అది పదిహేనేళ్లు దాటాక పొడిగా రాలిపోతుంది. గుడ్డ అంచు ఉన్న ఎల్100కు ఆ బెడద లేదు. స్వరాలను కోనుకూ ట్వీటర్‌కూ పంచే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వయసుతో విలువ మారి, ఇంపిడెన్స్‌నూ స్వరాల పొందికనూ చెడగొడతాయి. కోబాల్ట్ కలిసిన పాత ఆల్నికో అయస్కాంతం అతిగా నెట్టినప్పుడు కొంత బలం కోల్పోతుంది. 1978లో జైర్‌లో అల్లర్ల వల్ల కోబాల్ట్ ధర మండిపోయి జె.బి.ఎల్. లాంటి కంపెనీలు ఆల్నికో వదిలి ఫెర్రైట్‌కు మారాయి గనుక, ఆ తేదీకి ముందువాటి విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ మందిని మోసం చేసేవి ఏ.ఆర్. స్పీకర్ల వీపున ఉండే రెండు గుండీలు. మధ్య స్వరాన్నీ ట్వీటర్‌నూ హెచ్చుతగ్గులు చేసే ఆ గుండీల లోపల ఆకుపచ్చ తుప్పు పట్టి ట్వీటర్ మూగబోతుంది. పాట దుప్పటి కప్పినట్టు వినబడి, ఆంప్లిఫయర్ మీద ఆంప్లిఫయర్ మార్చేవాళ్లుంటారు. గుండీ విప్పి తుప్పు గీకితే పాత ఆంప్లిఫయర్‌తోనే తాళాల మోత తిరిగి వస్తుంది.